లాగే బరువు సరే, బెడ్ మీద సందు ఎంత?

సంపాదకులకు,

అమెరికా, కెనడాల్లో పికప్ ట్రక్కుకు ఫిఫ్త్ వీల్ ట్రైలర్ (ముందుభాగం ట్రక్కు వెనక తొట్టి, అంటే బెడ్, మీదికి వచ్చి కూర్చునే ఇల్లులాంటి బండి) తగిలించుకుని తిరిగేవారిలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. కొనేముందు ‘నా ట్రక్కు ఇంత బరువు లాగుతుందా’ అని అందరూ అడుగుతారు. బెడ్ అంచుకూ, దానిమీదికి చొచ్చుకొచ్చే ట్రైలర్ ముందుభాగం అడుగుకూ మధ్య ఎంత సందు మిగులుతుందని అడిగేవారు తక్కువ. బెడ్ పక్క రేకులు నొక్కుకుపోవడం, బెడ్ వెనక తలుపు అయిన టెయిల్‌గేట్ మూలలు ట్రైలర్ అడుగున గాట్లు పెట్టడం ఈ ప్రశ్న అడగకపోవడం వల్లే.

సమతలం మీద నిలబెట్టినప్పుడు కనీసం 6 అంగుళాల సందు ఉండాలన్నది ఈ పనిలో ఉన్నవాళ్ళు పాటించే లెక్క. ఐదున్నరతో సరిపెట్టుకునేవారూ ఉన్నారు. మట్టిదారుల్లో, ఎగుడుదిగుడు క్యాంపు స్థలాల్లో తిరిగేవారికి 7, 8 ఉంటేనే నయం. ఇది అతిజాగ్రత్త కాదు, లెక్క వేసి చూడండి. ట్రైలర్‌ను పట్టుకోవడానికి బెడ్‌లో బిగించే హిచ్ నుంచి టెయిల్‌గేట్ దాకా సుమారు 48 అంగుళాలు అనుకుందాం. ట్రక్కు, ట్రైలర్ ఒకదానితో ఒకటి 5 డిగ్రీలు వంగితే చాలు, ఆ చివర 4 అంగుళాలకు పైగా సందు తగ్గిపోతుంది. అదే సమయంలో ట్రక్కు ఒక పక్కకు మరో 5 డిగ్రీలు ఒరిగితే బెడ్ అంచు దగ్గర ఇంకో 3 అంగుళాలు పోతాయి. రెండూ ఒకేసారి జరిగే చోటు రోడ్డు మీంచి వాలుగా ఉన్న ఆవరణలోకి ఏటవాలుగా తిరిగే మలుపు. అక్కడ 6 అంగుళాలు కూడా చాలవు. అందుకే అలాంటి చోట నేరుగా, నెమ్మదిగా ఎక్కాలి.

ఎక్కడ తగులుతుందో కూడా తెలిసి ఉండాలి. దిబ్బ ఎక్కి అవతలికి దిగేటప్పుడు ట్రక్కు కిందికి, ట్రైలర్ ఇంకా పైకి చూస్తుంటాయి కాబట్టి టెయిల్‌గేట్ దగ్గర సందు మూసుకుపోతుంది. పల్లంలోకి దిగి ఎక్కేటప్పుడు దీనికి తిరగబడి, క్యాబ్ వైపు అంచులకు ముప్పు వస్తుంది. అందుకే ఒక్కచోట కాక, బెడ్ నాలుగు మూలల దగ్గరా టేపు పెట్టి చూడాలి. బెడ్ మూతల పట్టాలు, అంచు తొడుగులు ఉంటే వాటి పైనుంచే కొలవాలి.

ఇంటికి తెచ్చుకోకముందే ఈ సందు ఎంతో తేల్చుకోవచ్చు. ట్రైలర్‌ను దాని కాళ్ళ మీద నిలబెట్టి, చాసిస్ మీద రసమట్టం పెట్టి సమం చేయండి. ట్రైలర్ ముందుభాగం కింద ఉండి హిచ్‌లో కూర్చునే ఉక్కు మేకు, అంటే కింగ్‌పిన్, పైనుండే పలక నుంచి ట్రైలర్ అడుగు దాకా ఎంతుందో కొలవండి. ట్రక్కులో హిచ్ పలక బెడ్ అంచు కన్నా ఎంత కిందుందో చూసి, ఆ మేరకు తీసేయండి. పిన్ పలక నుంచి అడుగుకు 10 అంగుళాలు, హిచ్ పలక అంచుకు 4 అంగుళాలు కింద ఉంటే సందు 6. బరువు పడితే ట్రక్కు వెనుకభాగం దిగి సందు తగ్గిపోతుందని చాలామంది భయపడతారు. హిచ్చూ బెడ్డూ కలిసే దిగుతాయి కాబట్టి హిచ్ దగ్గర సందు మారదు, మారేది ట్రైలర్ మట్టం.

అసలు చిక్కు ఈ మట్టం దగ్గరే మొదలవుతుంది. సందు చాలకపోతే హిచ్‌ను ఒక రంధ్రం పైకెత్తుతారు, లేదా కింగ్‌పిన్‌ను మోసే పిన్ బాక్స్‌ను ఒక రంధ్రం కిందికి దించుతారు. ఫలితం రెండింటికీ ఒకటే: సందు పెరుగుతుంది, ట్రైలర్ ముక్కు అంతే పైకి లేస్తుంది. నేటి ఎత్తైన ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కులతో ఇది మామూలు బాధ. ముక్కు లేస్తే బరువు వెనక ఇరుసు మీదికి జరుగుతుంది. కమాను పట్టీల (లీఫ్ స్ప్రింగుల) మధ్య బరువును రెండు ఇరుసులకూ పంచే ఈక్వలైజర్ ఉంటే అది కొంత సర్దుతుంది. పట్టీలకు బదులు లోపలి రబ్బరే కుదుపును తీసుకునే టార్షన్ ఇరుసులకు అది ఉండదు కాబట్టి వెనక టైర్లు వేడెక్కి త్వరగా పాడవుతాయి. ట్రైలర్ తోక కూడా నేలకు దగ్గరవుతుంది. అంగుళమో రెండో ముక్కు లేచినా సర్దుకోవచ్చు, అంతకు మించితే మందు హిచ్ దగ్గర లేదు, ఇరుసుల దగ్గర ఉంది.

చాసిస్‌కూ కమాను పట్టీలు వేలాడే హ్యాంగర్లకూ మధ్య ఉక్కు ఫ్రేము వేసి 2, 3 అంగుళాలు ఎత్తించవచ్చు. ఇరుసు పట్టీల పైన ఉన్న ట్రైలర్ అయితే ఇరుసును పట్టీల కిందికి మార్చి సుమారు 5 అంగుళాలు సంపాదించవచ్చు. పట్టీ కూర్చునే కొత్త పీటలు ఇరుసుకు వెల్డింగ్ చేయాలి తప్ప ఇరుసును మాత్రం తలకిందులు చేయకూడదు, దానికున్న స్వల్పమైన వంపు ఎప్పుడూ పైకే ఉండాలి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో వాహనం ఎత్తు 13 అడుగుల 6 అంగుళాలు మించరాదు. ఏసీ పైభాగం దాకా కొలిచాకే ఈ పని ఒప్పుకోవాలి.

పిన్ బాక్స్ మార్చేటప్పుడు ట్రక్కును పక్కకు తీసి, రెండు వైపులా ఒకే వరుస రంధ్రాల్లో బోల్టులు వేసి, తయారీదారు చెప్పిన బిగింపు బలానికి (టార్క్) బిగించాలి. కొంత దూరం లాగాక మళ్ళీ చూడాలి. తగిలించిన ప్రతిసారీ ట్రైలర్ చక్రాలకు అడ్డు దిమ్మలు పెట్టి, కాళ్ళు నేలమీదే ఉంచి, ట్రక్కును కొద్దిగా ముందుకు లాగి హిచ్ దవడ కింగ్‌పిన్‌ను పట్టిందో లేదో తేల్చుకోండి. పట్టకపోతే ట్రైలర్ నేరుగా బెడ్ అంచుల మీదే పడుతుంది.

మీ పత్రికలో ఈ వాహనాల సమీక్షలు వేసేటప్పుడు బరువుల పట్టిక పక్కన సమతలంలో పిన్ పలక ఎత్తు, అక్కణ్ణుంచి అడుగు దాకా దూరం, ట్రక్కు బెడ్ అంచు ఎత్తు కూడా ఇవ్వండి. అమ్మేవారు ఈ మూడింటినీ కొనేవారి ట్రక్కు పక్కనే నిలబడి కొలిచి, అమ్మకపు పత్రం మీద రాసివ్వాలి.

– ఒక పాఠకుడు