రికార్డులు ఇచ్చేసేముందు అట్టలు విప్పి చూడండి

సంపాదకులు గారికి,

నమస్కారం.

ఇంట్లో పెద్దవాళ్ళు పోయాక వాళ్ళ సామాన్లు సర్దే పని ఎప్పుడో ఒకప్పుడు అందరికీ తగులుతుంది. బట్టలు, మందులు, కళ్ళజోళ్ళ సంగతి ఎలాగో తేలిపోతుంది. పాత గ్రామఫోన్ రికార్డుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఇప్పుడివి ఎవరు వింటారు, పాటలన్నీ ఫోన్లోనే ఉన్నాయిగా" అని ఎవరో ఒకరు అంటారు. మిగతావాళ్ళు తలూపుతారు. పెట్టెలు పెట్టెలుగా గంపగుత్తగా వెళ్ళిపోతాయి. అలా ఇచ్చేవాళ్ళకు ఒక విన్నపం చేసుకుందామని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇవ్వాలంటే ఇవ్వండి. కానీ ఇచ్చేముందు ఒక్కొక్కదాన్నీ అట్టలోంచి బయటికి తీసి, వెలుతురులో తిప్పి చూసి, వీలైతే రెండు వైపులా విని, అప్పుడు ఇవ్వండి.

నేను బడిలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. మా నాన్నగారు పోయాక ఆయన రికార్డులు నా చేతికి వచ్చాయి. రెండు చెక్కపెట్టెల నిండా ఎల్పీలు, అంటే ఎక్కువసేపు పాడే లాంగ్ ప్లే రికార్డులు. ఇంకో పెట్టెలో పాత బట్టల మడతల మధ్య 78 స్పీడు ప్లేట్లు, నిమిషానికి 78 చుట్లు తిరిగే ఇంకా పాతకాలపు రికార్డులు. మొదటి పెట్టె తెరవగానే మూత లోపలివైపు పిన్నులతో గుచ్చిన అట్టముక్క ఒకటి కనిపించింది. దానిమీద వరసగా నెలల పేర్లు, ఒక్కో పేరు ఎదురుగా పెన్సిల్‌తో నిలువు గీతలు. నాలుగు గీతలకు అడ్డంగా ఐదోది. అది ముల్లు లెక్క. రికార్డు ప్లేయర్‌లో వాడే వజ్రపు ముల్లు సుమారు 500 నుంచి 1000 గంటలు పనిచేస్తుందంటారు. అది దాటాక కూడా వాడితే అరిగిన కొన, రికార్డు మీద పాట ఉండే సన్నటి గాడినే చెక్కేస్తుంది. అందుకని నాన్న ఒక వైపు విన్నప్పుడల్లా ఒక గీత గీసుకునేవారు. ఎల్పీ ఒక వైపు దాదాపు ఇరవై నిమిషాలు, కాబట్టి మూడు గీతలైతే ఒక గంట. జాగ్రత్తపరుడైన మనిషి రాసుకున్న లెక్క అంతే, అందులో ఆయన తన గురించి ఏమీ రాయదలచుకోలేదు.

కానీ ఆ అట్ట పట్టుకుని అమ్మ పక్కన కూర్చున్నాను. కొన్ని నెలల ఎదురుగా గీతలు కిక్కిరిసి ఉన్నాయి, కొన్ని నెలల ఎదురుగా ఒకటో రెండో. ఒకచోట మాత్రం వరసగా నెలల పేర్లు ఉన్నాయి, ఎదురుగా ఏమీ లేదు. వినకపోయినా నెల మారగానే పేరు మాత్రం రాస్తూ వచ్చారు. అమ్మ ఆ ఖాళీ మీద వేలు పెట్టి, "ఇది తమ్ముడు మంచంలో ఉన్న ఏడాది" అంది. ఆ తరువాతి నెల గీతలకు చోటు చాలక అట్ట వెనక్కి తిప్పి రాశారు. తమ్ముడు లేచి తిరగడం మొదలుపెట్టిన నెల అది. ఆ రోజుల్లో నాన్న మాతో దిగులు గురించి గానీ, సంతోషం గురించి గానీ ఒక్క మాట అన్నట్టు నాకు గుర్తులేదు. అలాంటివి పైకి అనే మనిషి కాదు. అట్టముక్క మీద ఉంది.

ఇక్కడ రికార్డు చరిత్రలోంచి ఒక సంగతి చెప్పాలి. 1877లో ఎడిసన్ తయారుచేసిన ఫోనోగ్రాఫులో గొంతును పట్టుకున్నదీ, వినిపించిందీ ఒకే యంత్రం. ఎవరి మాట వాళ్ళు తగరపు రేకు మీద పట్టుకోవచ్చు. మరుసటి ఏడాది ఆ యంత్రం ఎందుకెందుకు పనికొస్తుందో ఎడిసన్ ఒక పత్రికలో వరస పెట్టి రాశారు. ఉత్తరాలు చెప్పి రాయించడం, చూపులేనివాళ్ళకు పుస్తకాలు, ఉచ్చారణ నేర్పడం, వీటి తరువాతే సంగీతం. ఆ వెంటనే కుటుంబ రికార్డు. అంటే ఇంట్లోవాళ్ళ మాటలు, జ్ఞాపకాలు, చనిపోయేవాళ్ళ ఆఖరి పలుకులు వాళ్ళ గొంతులోనే దాచుకోవడం. ఫోనోగ్రాఫు వచ్చిన పదేళ్ళకు, 1887లో, ఎమిల్ బెర్లినర్ బల్లపరుపు రికార్డుకు పేటెంటు కోరారు. ఆ దారిలోనే మన గ్రామఫోన్ వచ్చింది. మొదటి రికార్డు నుంచి లోహపు అచ్చు తీసి, దానితో వేల ప్రతులు నొక్కవచ్చు. కొనుక్కున్నవాళ్ళు మాత్రం వినాల్సిందే తప్ప దానిలో తమ గొంతు పట్టుకోలేరు. మా నాన్న గొంతు ఏ రికార్డులోనూ లేదు. ఆయన దగ్గరున్నవన్నీ అచ్చులో నొక్కిన ప్రతులే, అలాంటివి ఇంకా వేల ఇళ్ళకు వెళ్ళి ఉంటాయి.

అయితే ఫ్యాక్టరీలోంచి బయటికి వచ్చిన రోజున ఒకేలా ఉన్న ఆ ప్రతులు ఒక ఇంట్లో ముప్పై ఏళ్ళు తిరిగాక ఒకేలా ఉండవు. నేను పాఠకుల దృష్టికి తేవాలనుకున్నది ఇదే. ఎల్పీని దీపం కింద ఏటవాలుగా పట్టుకుని చూడండి. పాటకూ పాటకూ మధ్య సన్నటి నున్నటి పట్టీలు ఉంటాయి కాబట్టి ఏ పాట ఎక్కడుందో తెలిసిపోతుంది. చాలాసార్లు తిరిగిన పాట మేర నల్లటి మెరుపు పోయి, బూడిదరంగు మసక కనిపిస్తుంది. ఎప్పుడూ పెట్టని పాట కొత్తగా కొన్నట్టు నిగనిగలాడుతుంది. నాన్నకు ఫలానా పాట ఇష్టమని మేమంతా అనుకునేవాళ్ళం. అది ఉన్న వైపు చూస్తే దాని పక్కనున్న పాట ఎక్కువ అరిగింది. ఇంట్లో అందరూ ఉన్నప్పుడు అందరికీ నచ్చినది పెట్టారు, ఒక్కరే ఉన్నప్పుడు ఇంకొకటి విన్నారు. ఇది నేను చేసిన ఊహే. కాకపోతే అమ్మ కాదనలేదు.

ఒక ఎల్పీ గురించి కాస్త వివరంగా చెప్పనివ్వండి. దాని రెండో వైపు మొదటి పాటలన్నీ మసకబారాయి, ఆఖరి పాట ఒక్కటే తళతళలాడుతోంది. భౌతికశాస్త్రం చెప్పినదాన్ని కాబట్టి నాకు తోచిన కారణం ఇది. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. అంచు దగ్గర ముల్లు కింద గాడి సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు నడుస్తుంది. లేబుల్ దగ్గరికి వచ్చేసరికి చుట్టు చిన్నదై 21 సెంటీమీటర్లకు పడిపోతుంది. అంతే శబ్దం సగం కంటే తక్కువ పొడవులో ఇమడాలి. అందుకే ఆఖరి పాటల్లో స, శ లాంటి అక్షరాలు గరగరమంటాయి, తీగవాద్యాల నాదం మొద్దుబారుతుంది. చెవి ఉన్నవాళ్ళు ఆ పాట వినకుండా ముల్లు ఎత్తేస్తారు. నాన్నకు మంచి చెవి ఉంది, అందుకే ఎత్తేసేవారేమో అన్నాను. అమ్మ అట్ట మీద పాటల పేర్లు చదివి కాసేపటికి అంది: "ఇది నీ పెళ్ళయిన ఏడు కొన్నారు. ఆ ఆఖరిది కూతుర్ని సాగనంపే పాట. ఒక్కసారి విన్నారు. ఆ తరువాత అది వచ్చేలోపే లేచి వెళ్ళి ముల్లు ఎత్తేసేవారు." గాడి వేగం గురించి నేను చెప్పినదీ నిజమే, మిగతా రికార్డుల ఆఖరి పాటలకు అది సరిపోవచ్చు. ఈ రికార్డుకు సంబంధించిన నిజం అమ్మకు తెలుసు. ఆమె పక్కన లేని రోజున ఆ పెట్టె తెరిచి ఉంటే నాకు ఆ మెరుపు కనిపించేదే గానీ అర్థం తెలిసేది కాదు. అందుకే, ఇంట్లో చెప్పగలిగినవాళ్ళు ఉండగానే ఈ పని చేయండని మరీ మరీ అడుగుతున్నాను.

అట్టల లోపల రాతలు కూడా ఉంటాయి. నాన్న కొన్న తేదీ, ఎవరికి ఎరువిచ్చిందీ, ఎప్పుడు తిరిగొచ్చిందీ రాసేవారు. ఒకదాని మీద "గీత పడి వచ్చింది, అడగలేదు" అని ఉంది. ఆ గీత దగ్గర ముల్లు వెనక్కి గెంతి పల్లవిలో ఒక ముక్క మళ్ళీ వస్తుంది. మా ఇంట్లో ఆ పాట ఎవరు పాడినా ఇప్పటికీ ఆ ముక్క రెండుసార్లే పాడతాం. అదే పాట తమ్ముడు ఫోన్లో పెట్టి, "అక్కా, ఇక్కడేదో తగ్గిందే" అన్నాడు.

రెండు స్పీకర్లు వచ్చిన రోజులు నాకు బాగా గుర్తు. స్టీరియో రికార్డులు 1958 నుంచి అమ్మకానికి వచ్చాయి, మా ఇంటికి ఎన్నో ఏళ్ళు ఆలస్యంగా చేరాయి. ఒకే గాడికి రెండు గోడలు, ఒక్కో గోడ మీద ఒక్కో స్పీకర్‌కు వెళ్ళే శబ్దం. నాన్న మమ్మల్ని స్పీకర్లకు సమదూరంలో కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని, "వయొలిన్ ఎటుంది? మృదంగం ఎటుంది?" అని అడిగేవారు. వేలు పెట్టి చూపించాలి. నేను శాస్త్రం చదవడానికి ఏ పాఠ్యపుస్తకమూ కారణం కాదు, ఆ ఆటే.

వినబోయేవాళ్ళకు కొన్ని జాగ్రత్తలు చెప్పాలి. ఏళ్ళ తరబడి మూలన పడున్న ప్లేయర్‌లో ఉన్న ముల్లుతోనే ఆత్రంగా వినేయకండి. ముందు ముల్లు మార్చండి. విరిగిన కొన ఒక్కసారి తిరిగితే చాలు, గాడికి జరిగిన నష్టం మళ్ళీ పూడదు. 78 ప్లేట్లకు ముల్లు వేరు. ఎల్పీ ముల్లు కొన వ్యాసార్ధం సుమారు 0.02 మిల్లీమీటర్లయితే, 78 ముల్లుది 0.075. ఒకదానిది ఇంకొకదానికి వాడకూడదు. పాత 78 ప్లేట్లు ఎక్కువగా లక్కతో చేసినవి, చెట్ల మీద లక్క పురుగులు పెట్టే ఆ లక్కే. చేయి జారితే పెంకులవుతాయి. వాటిని స్పిరిట్‌తో గానీ, స్పిరిట్ కలిసిన ద్రవాలతో గానీ తుడవకండి, లక్క కరిగిపోతుంది. ఎల్పీలు అలా పగలవు గానీ ఎండకూ వేడికీ వంకర్లు పోతాయి. ఏవైనా నిలువుగానే నిలబెట్టండి. ఒకదానిమీద ఒకటి పేరిస్తే అడుగున ఉన్నవాటి పని అయిపోతుంది. పట్టుకునేటప్పుడు అంచులూ లేబులూ తప్ప వేలు తగలనివ్వకండి.

రికార్డుల్లోని పాటలను కంప్యూటర్‌లోకి ఎక్కించేవాళ్ళు చిటపటలు తీసేసిన ప్రతిని మాత్రమే ఉంచుకుంటున్నారు. శబ్దాలను భద్రపరిచే సంస్థల్లో ముందు ఉన్నది ఉన్నట్టు, ఏ మార్పూ లేకుండా ఎక్కించి దాచుతారు. శుభ్రం చేయడం ఆ తరువాత, వేరే ప్రతి మీద. ఇళ్ళలో కూడా అదే పద్ధతి మంచిది. చిటపటలు ఎప్పుడైనా తీసేసుకోవచ్చు. అట్ట రెండు వైపులా, లేబులూ, లేబుల్ చుట్టూ నున్నటి చోట చెక్కిన అంకెలూ ఫోటో తీసి ఉంచండి. ఆ అంకెలు ఏ అచ్చు నుంచి ఆ ప్రతి వచ్చిందో చెబుతాయి.

పాత రికార్డులు కొనేవాళ్ళకు కూడా ఒక మాట. చేతిరాత ఉన్న అట్టకు విలువ తగ్గుతుందని కొత్త అట్ట తొడిగి పాతది పారేయడం ఉంది. దయచేసి పారేయకండి. రికార్డుతోపాటే ఉంచండి. ఎప్పటికైనా ఆ ఇంటివాళ్ళు వెతుక్కుంటూ రావచ్చు.

మా పెట్టెల సంగతి ఇంకా తేలలేదు. తమ్ముడు తనకు కావలసినవి తీసుకున్నాడు. సాగనంపే పాట ఉన్నది అమ్మ తన దగ్గరే ఉంచుకుంది. మిగతావి వినేవాళ్ళ ఇంటికే వెళ్ళాలని మా ముగ్గురి ఉద్దేశం. ముల్లు లెక్క ఉన్న అట్టముక్క మాత్రం ఎవరికీ ఇవ్వం.

చివరగా మీకొక మనవి. వారానికి ఒకసారైనా మీ పత్రికలో కొద్దిపాటి చోటు కేటాయించి, పాఠకుల ఇళ్ళలో రికార్డుల అట్టల మీద దొరికిన రాతలను ప్రచురించండి. రాసినవారి పేర్లు అక్కర్లేదు, రాత ఉంటే చాలు. మొదటిదిగా వేయడానికి మా నాన్నగారి అట్టముక్క ఫోటో పంపగలను. అమ్మను అడిగాను, సరేనంది.

ఇట్లు,
మీ పాఠకురాలు