ఫ్రీగా ఇస్తే ఏం చేసినా చెల్లుతుందా?

సంపాదకులకు నమస్కారం.

టెక్ కంపెనీల గుత్తాధిపత్యం మీద ఎప్పుడు చర్చ వచ్చినా "వాళ్లు ఫ్రీగా ఇస్తున్నారు, మనం వాడుకుంటున్నాం, మధ్యలో ప్రభుత్వానికేంటి నొప్పి" అనేవాళ్లు తప్పకుండా ఉంటారు. 1998 మేలో అమెరికా ప్రభుత్వం, కొన్ని రాష్ట్రాలు కలిసి మైక్రోసాఫ్ట్ మీద కేసు వేసినప్పుడూ ఇలాగే అన్నారు.

ఆ గొడవ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అనే తన బ్రౌజర్‌ను మైక్రోసాఫ్ట్ ఊరికే ఇచ్చినందుకు మాత్రమే కాదు. అప్పట్లో ఇంటెల్ తరహా పీసీల్లో 95 శాతానికి పైగా విండోస్‌తోనే నడిచేవి, అది లేకుండా ఆ పీసీలు చేసే ఏ కంపెనీకీ అమ్మకాలు సాగేవి కావు, ఆ అవసరాన్ని పట్టుకుని మైక్రోసాఫ్ట్ తన బ్రౌజర్ ఐకాన్‌ను డెస్క్‌టాప్ మీంచి తీసేయకూడదని లైసెన్స్ షరతుల్లోనే పెట్టింది. కావాలంటే పోటీ బ్రౌజర్ నెట్‌స్కేప్ కూడా పెట్టుకోవచ్చట! రెండు బ్రౌజర్లు పెట్టి, అర్థంకాక ఫోన్లు చేసే కస్టమర్లకు జవాబులు చెప్పుకునే ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? అసలు మైక్రోసాఫ్ట్ భయం వేరే ఉంది. రేపు ప్రోగ్రాములన్నీ బ్రౌజర్ మీదే నడిస్తే కింద విండోస్ ఉన్నా ఇంకోటి ఉన్నా ఒకటే అయిపోతుంది. నన్నడిగితే కేసుకు ప్రాణం ఇదే.

2000 జూన్‌లో ఈ కేసు విన్న జడ్జి జాక్సన్ కంపెనీని రెండు ముక్కలు చేయమన్నారు. మరుసటేడు అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది (జడ్జిగారు తీర్పు రాకముందే విలేకరులతో చాటుగా మాట్లాడటం కంపెనీకి బాగానే కలిసొచ్చింది). గుత్తాధిపత్యాన్ని కాపాడుకోవడానికి మైక్రోసాఫ్ట్ చట్టం తప్పిందన్న మాటను మాత్రం అప్పీలు కోర్టు ఏడుగురు జడ్జీలూ ఒప్పుకున్నారు. ఏం లాభం, నెట్‌స్కేప్ 1998 నవంబరులోనే ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీకి అమ్ముడుపోవడానికి సిద్ధపడిపోయింది.

మన దగ్గరా ఇదే నడక. ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ తన యాప్‌లన్నీ గంపగుత్తగా పెట్టిస్తోందన్న ఫిర్యాదు మీద 2019లో విచారణకు ఆదేశిస్తే, కాంపిటీషన్ కమిషన్ రూ.1,337.76 కోట్ల జరిమానా వేసేసరికి 2022 అక్టోబరు వచ్చింది. 2023 మార్చిలో అప్పీలు విన్న ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌ఏటీ జరిమానా కట్టాల్సిందేనంది కానీ కమిషన్ ఇచ్చిన ఆదేశాల్లో నాలుగింటిని రద్దు చేసింది. ఫోన్‌తో పాటే వచ్చే యాప్‌లను మనం తీసేసుకునే వీలుండాలన్న ఆదేశం ఆ నాలుగింట్లోదే. జరిమానా వాళ్లకు లెక్కా? మనకు కావాల్సింది ఆ ఆదేశం.

అందుకే తప్పు జరిగాక ఏళ్ల తరబడి విచారించడం కాకుండా, పెద్ద కంపెనీలకు ముందే హద్దులు గీయాలని కేంద్రం నియమించిన కమిటీ తయారుచేయగా 2024 మార్చిలో బయటికొచ్చిన డిజిటల్ కాంపిటీషన్ బిల్లు ముసాయిదా నాకు నచ్చింది. చిన్న స్టార్టప్‌లకు ఇబ్బంది అన్న వాదన ఉంది, దాన్ని కొట్టిపారేయను, ఏ స్థాయి కంపెనీకి వర్తించాలో జాగ్రత్తగా తేల్చుకోవాలి. మీ పేపర్లో స్మార్ట్‌ఫోన్ ఆఫర్లకు పేజీలు కేటాయిస్తారు, దీని మీద తెలుగు రాష్ట్రాల ఎంపీలు ఏమంటున్నారో ఒకసారి అడిగి రాయండి.

- ఓ పాఠకుడు, ఖమ్మం