స్ప్రూస్ వేరు, మీ తాతగారి తుమ్మ నాగలి

మావా,

ఉగాదికి నువ్వు రాసిన ఉత్తరానికి దసరా ముందు జవాబు రాస్తున్నాను. తప్పు నాదే. తిట్టు, కాని మొత్తం చదివాక తిట్టు. ఇక్కడ అందరం కులాసా, చలి మొదలైంది, చిన్నది బడికి వెళ్తోంది. ఇంటి కబుర్లు ఇంతే, ఎందుకంటే గైడ్ బోటు అనే ఒక పడవ గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. నవ్వకు.

న్యూయార్క్ రాష్ట్రానికి ఉత్తరాన ఆడిరాండాక్ కొండలున్నాయి. 1892లో పార్కు చేశారు, దాదాపు 60 లక్షల ఎకరాలు. అందులో లాంగ్ లేక్ అని 14 మైళ్ళ పొడుగు సరస్సు. దాని ఒడ్డున మిచెల్ సబాటిస్ అని, అబెనాకీ అనే అక్కడి ఆదివాసీ తెగ మనిషి ఉండేవాడు, 1906లో పోయాడు. అడవికి గైడు, వేటగాడు, పడవలు చేసే పనివాడు. పట్నం నుంచి చేపలకీ వేటకీ వచ్చినవాళ్ళని ఇంట్లోనే దింపుకునేవాడు. కొడుకులూ గైడ్లే. అంటే ఇంటిల్లిపాదీ నడిపిన సరస్సు ఒడ్డు విడిది అన్నమాట. ఇప్పుడు ఆ ఊళ్ళో ఒక కొండకి అతని పేరుంది. కొండకి పేరు పెట్టడం మంచిదే గాని, నన్నడిగితే అతని అసలు గుర్తు గైడ్ బోటు. ఆ పడవ పుట్టుక కథలో లాంగ్ లేక్ వాళ్ళు ముందు చెప్పే పేర్లలో అతనిదొకటి.

ఎందుకు పుట్టిందంటే, అక్కడ సరస్సుకీ సరస్సుకీ మధ్య నేల అడ్డం. జలపాతాలు కూడా. రాకెట్ లేక్ నుంచి ఫోర్క్‌డ్ లేక్‌కి, అక్కణ్ణుంచి లాంగ్ లేక్‌కి, దాని కింద రాకెట్ ఫాల్స్ దాటి ఇంకా ముందుకి. నేల వచ్చిన చోటల్లా గైడు పడవని బోర్లించి భుజాన వేసుకుని నడవాలి. ఆ నడకని అక్కడ "క్యారీ" అంటారు. అప్పర్ సారనాక్ సరస్సుకి పోయే దారిలో ఇండియన్ క్యారీ అని మైలు పైచిలుకు ఉంది. కాబట్టి పడవ 16 అడుగులుండాలి, గైడునీ అతిథినీ సామానునీ మొయ్యాలి, మళ్ళీ ఒక్క మనిషి మోసేలా 30 కిలోలకి అటూ ఇటూ ఉండాలి. మన 25 కిలోల బియ్యం బస్తా కంటే కాస్త ఎక్కువ, అంతే! తాటి దోనెని నలుగురు పట్టి లాగడం చూసినవాడివి, నీకు వేరే చెప్పాలా.

అంత తేలికెలా వచ్చిందంటే, ఇక్కడే మావా నాకు మీ తాతగారు గుర్తొచ్చారు. నాగలికి ఆయన తిన్నటి దుంగ చెక్కేవారా? పుట్టుకతోనే వంగిన తుమ్మ కోసం తిరిగేవారు. తిన్నటి చెక్కని వంపుగా కోస్తే నార అడ్డంగా తెగి, బరువు పడ్డ చోటే విరుగుతుందని. వీళ్ళదీ అదే లెక్క. స్ప్రూస్ అనే సూదాకుల చెట్టు మొద్దుని వేళ్ళతో సహా తవ్వుతారు. మాను దిగి వేరుగా మళ్ళే చోట చెక్క తనంతట తనే వంగి ఉంటుంది. అక్కడ పలకలు కోసి, ఆరబెట్టి, నార వంపు వెంటే అచ్చు గీసి పడవకి పక్కటెముకల్లాంటి వంపు కర్రలు తీస్తారు. మందం అంగుళంలో మూడో వంతు కూడా ఉండదు. అయినా ఏళ్ళ తరబడి విరగవు. సన్నటి అడుగు పలక మీద కుడి ఎముక పాదం, ఎడమ ఎముక పాదం పక్కపక్కనే పెట్టి మరలు బిగిస్తారు. జతకీ జతకీ మధ్య సుమారు అయిదంగుళాలు.

దాని మీద తెల్ల పైన్ చెట్టు పలకలు, పావు అంగుళం మందం. ఇందులోనే అసలు ఒడుపు. ఒక పలక అంచు మీద ఇంకో అంచు ఎక్కేచోట రెంటినీ ఏటవాలుగా చిత్రిక పడతారు, కలిశాక కూడా ఒక్క పలక మందమే ఉండేలా. చేత్తో తడిమితే అతుకు తెలియదు. చిత్రిక ఎక్కువైతే అంచు కాగితంలా చీలుతుంది, తక్కువైతే సందు పడి నీళ్ళు వస్తాయి. అతుకు వెంట రెండు వరసల సన్న రాగి మేకులు, వేల కొద్దీ. అవతల ఇనప దిమ్మ ఆనించి కొడితే మేకు మొన వెనక్కి మడత పడి చెక్కని పట్టుకుంటుంది.

ఇంకో సంగతి, ఇది తలుచుకున్నప్పుడల్లా ఒళ్ళు జలదరిస్తుంది. అబెనాకీలు అంతకు ముందు బిర్చ్ చెట్టు బెరడుతో పడవలు చేసేవారు. ఆ బెరడుని దేంతో కుట్టేవారనుకున్నావు? స్ప్రూస్ వేళ్ళనే చీల్చి, ఆ నారతో! కుట్టు మీద స్ప్రూస్ జిగురు పూసేవారు. అక్కడ దారమైన వేరే ఇక్కడ ఎముకైంది. రెండు పడవలకీ సంబంధం నేను కల్పిస్తున్నానేమో గాని...

సరే, నడపడం. మొయ్యడానికి మెడ దగ్గర తొలిచిన చెక్క కాడి ఉంటుంది. ముందు కొన కాస్త పైకి లేచేలా తూచుకోవాలి, లేకపోతే దారి కనపడదు. ఎక్కేటప్పుడు అడుగు పలక నడిమధ్యే కాలు పెట్టాలి, పక్క పలక మీద పెడితే పగులుతుంది. ఒడ్డు రాళ్ళ మీదకి లాగకూడదు, నీళ్ళలోనే దిగి ఎత్తాలి. అతిథి వెనక కూర్చుంటే గైడు ముందు పీట మీద, ఒక్కడే ఉంటే నడిమి పీట మీద. తెడ్లు పిన్నుతో పడవ అంచుకి బిగించి ఉంటాయి, తెడ్డు రెక్కని పక్కకి తిప్పడానికి వీలుండదు. పైగా రెండు పిడులూ ఒకదాని మీదకొకటి వస్తాయి. ఒక చెయ్యి ఎప్పుడూ రెండో చేతికి కాస్త ముందుండాలి, లేదంటే కణుపులు పగిలిపోతాయి. ఇది నువ్వు మూడు రోజుల్లో పట్టేస్తావు, ఆ "ఆదివారం బ్యాచి"లో ఇంకెవడి వల్లా కాదు.

ఏటా ఓల్డ్ ఫోర్జ్ నుంచి సారనాక్ లేక్ దాకా 90 మైళ్ళు మూడు రోజుల పందెం పెడతారు, 1983 నుంచీ. గైడ్ బోట్లకి అందులో వేరే విభాగమే ఉంది. పాత పడవలు బ్లూ మౌంటెన్ లేక్‌లోని మ్యూజియంలో ఉన్నాయి. కాని అద్దాల వెనక పడవ కంటే క్యారీ దారిలో భుజం మీది పడవే సబాటిస్‌కి దక్కాల్సిన గౌరవం అని నా

ఉత్తరం పట్టుకెళ్ళే ఆయన వచ్చేశాడు, విమానానికి టైమయిందంటున్నాడు. పడవని ఎండలో వదిలేస్తే పలకలు ఎలా ఎండి విడిపోతాయో మళ్ళీ రాస్తాను. అమ్మకి నమస్కారాలు. మీ తాతగారి నాగలి అటక మీదే ఉంటే దాని వంపు కొలిచి పంపు, మర్చిపోకు.

నీ
మావ