సూపర్‌విజన్ రిజిస్టరు చూపించమనండి

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట మీ పేపర్లో వచ్చిన డీఅడిక్షన్ సెంటర్ వార్త గురించి అప్పుడే రాద్దామనుకున్నాను. కోపం చల్లారాక రాయడం మంచిదని ఆగాను. చల్లారలేదు.

మూడోసారి మళ్లీ తాగి వచ్చిన మనిషిని ఆ కౌన్సెలర్ నలుగురిలో నానా మాటలూ అంది. తప్పే, కాదనను. ఆమెను సస్పెండ్ చేశారు, విచారణ కమిటీ వేశారు, అధికారి గారు అందరికీ రెండు రోజుల శిక్షణ ప్రకటించారు. అంతటితో అందరి బాధ్యతా తీరిపోయింది! ఆమెకు సూపర్‌వైజర్ అంటూ ఒకరున్నారా, ఉంటే చివరిసారి ఎదురుగా కూర్చోబెట్టుకుని "ఆ మనిషిని చూస్తే నీకేమనిపిస్తోందమ్మా" అని ఎప్పుడు అడిగారు? ఈ ప్రశ్న మీ విలేకరికీ తట్టలేదు.

ఇదే పనిలో ఇరవై ఆరేళ్లు ఉండి రిటైరయ్యాను. మా దగ్గర సూపర్‌విజన్ అంటే నెలాఖరు మీటింగు. ఎన్ని ఫైళ్లు తెరిచారు, ఎన్ని మూశారు, ఎక్కడ సంతకం లేదు. పని లెక్క చూడటం, పని నేర్పడం, మనిషికి ఆసరాగా నిలవడం అని సూపర్‌విజన్‌కు మూడు బాధ్యతలున్నాయని సోషల్ వర్క్ ప్రొఫెసర్ ఆల్‌ఫ్రెడ్ కడూషిన్ 1976లోనే రాశాడు. మావాళ్లకు మొదటిది ఒక్కటే గుర్తుంది.

నా సంగతే చెబుతాను. మా పెద్దన్నయ్య తాగి తాగి ఇంటిల్లిపాదినీ ఏడిపించాడు. ఉద్యోగంలో చేరినప్పుడు నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. కొన్నేళ్లకు, నా అదృష్టం కొద్దీ వచ్చిన ఒక సీనియర్ మేడమ్ నా డైరీ తిరగేసి, "మళ్లీ తాగి వచ్చినవాళ్లందరికీ ఐదింటి తరవాతే టైమిచ్చావేంటమ్మా?" అన్నారు. కావాలని చేసింది కాదు. ఓపికంతా అయిపోయాక మిగిలే ఆ అరగంటకు వాళ్లను నెట్టేశానని నాకే తెలియదు. తరవాత నా ఫైలు నాచేతే చదివించారు. "'మారే ఉద్దేశం లేదు' అని అతనన్నాడా, నువ్వనుకున్నావా?" నా దగ్గర జవాబు లేదు. అదే రోజుల్లో "అక్కా, అక్కా" అంటూ తిరిగే ఒక కుర్రాడు వారంవారం అబద్ధం చెబుతుంటే నమ్ముతూ వచ్చాను. పక్షపాతమంటే అసహ్యం ఒక్కటే అనుకునేవాళ్లకు ఆ కుర్రాణ్ణి చూపించాలి.

ఆవిడ ముందు ఇవన్నీ ఒప్పుకోగలిగానంటే, నా వార్షిక రిపోర్టు రాసేది ఆవిడ కాదు కాబట్టి. తరవాత ఖర్చు తగ్గుతుందని రెండు పనులూ ఒక్కరికే అప్పగించారు. ఇంక్రిమెంటు ఎవరి చేతిలో ఉందో వాళ్ల దగ్గరికే వెళ్లి "సార్, ఆ పేషెంటును చూస్తే నాకు ఒళ్లు మండుతోంది" అని ఎవరు చెబుతారు? లోపలే అణుచుకుంటారు. ఒకరోజు అది నలుగురిలో బయటపడుతుంది, ఎవరో ఫోన్లో తీస్తారు, మీరు మొదటి పేజీలో వేస్తారు.

అసలు మళ్లీ తాగడం మొదలుపెట్టడం అంత వింతా? చికిత్స తరవాత నూటికి 40 నుంచి 60 మంది మళ్లీ అలవాటులో పడతారని, బీపీ, ఆస్తమా తిరగబెట్టడం అంతకేమీ తక్కువ కాదని 2000లో మెక్లెల్లన్ అనే అమెరికా పరిశోధకుడి బృందం లెక్కలు చూపించింది. బీపీ పెరిగి మూడోసారి వచ్చినవాణ్ణి "సిగ్గులేదా" అనే డాక్టరును నేనింతవరకూ చూడలేదు.

ఇక మీ హెడ్డింగు. "తాగుబోతు" అని అంత లావు అక్షరాల్లో వేయాలా? 2010లో కెల్లీ, వెస్టర్‌హాఫ్ అనే పరిశోధకులు 500 మందికి పైగా మానసిక చికిత్స నిపుణులకు ఒకే కేసు ఇచ్చి, రోగిని పిలిచే మాట మాత్రం మార్చి చూశారు. "అబ్యూజర్" (మత్తును దుర్వినియోగం చేసేవాడు) అని చదివినవాళ్లు తప్పు అతనిదే, శిక్ష పడాలి అనే వైపు ఎక్కువగా మొగ్గారు. చదువుకున్న నిపుణులే అలా ఉంటే మీ పాఠకుల సంగతేమిటి?

శిక్షణ అంటారా, అలాంటివి చాలా చూశాను. పవర్‌పాయింటు, గ్రూప్ ఫొటో, సర్టిఫికెట్. పదిహేను రోజులకోసారి తలుపేసుకుని గంటసేపు మాట్లాడుకోవడానికి మాత్రం బడ్జెట్ ఉండదు, అందులో ఫొటో దిగే వీలు లేదు మరి. ఇదివరకు అధికారులు కనీసం ఫైలు చదివేవారు.

విచారణ రిపోర్టు వచ్చే నెల అంటున్నారు. మీ విలేకరి ఈసారి అటు వెళ్తే సూపర్‌విజన్ రిజిస్టరు ఒకసారి చూపించమని అడగమనండి. ఉంటే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ వర్కర్