ఇంటర్నేషనల్ ఆఫీసులో ఉద్యోగం అంటే

ఏరా మామా,

నీ మెయిల్ చదివాను. కన్సల్టెన్సీలో పిల్లల అప్లికేషన్లు పంపీ పంపీ విసుగొచ్చిందనీ, ఇక యూనివర్సిటీ లోపలే, విదేశీ విద్యార్థుల పనులు చూసే ఇంటర్నేషనల్ ఆఫీసులో పనిచేయాలనుందనీ రాశావు. చాలా సంతోషమేసిందిరా. అయితే "విద్యార్థుల్ని రప్పించే రిక్రూట్‌మెంట్‌లో చేరితే దేశాలు తిరగొచ్చు కదా" అన్నావు చూడు, అక్కడే నీతో నాకు పేచీ.

మొదటి రెండు మూడేళ్ళు కాగితాల దగ్గరే కూర్చో. నేనిక్కడ అమెరికాలో మాస్టర్స్ చేస్తూ గ్రాడ్యుయేట్ అసిస్టెంటుగా, అంటే యూనివర్సిటీలోనే పార్ట్‌టైమ్ ఉద్యోగిగా, చేసింది అదే. సెమిస్టర్ జరిగేటప్పుడు వీసా నిబంధన ప్రకారం వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. ఆ కాస్త సమయమంతా మార్కుల మెమోలతోనే గడిచేది. బ్యాక్‌లాగ్ ఏ సెమిస్టర్‌లో క్లియరైంది, ప్రొవిజనల్‌కీ ఒరిజినల్ డిగ్రీకీ తేడా ఏమిటి, మూడేళ్ళ బీఎస్సీని ఎలా చూడాలి? నీకు ఇవన్నీ కొట్టిన పిండి. ఇక్కడివాళ్ళకు ఒక్కొక్కటీ విప్పి చెప్పాలి. 2023-24లో అమెరికాలో 3,31,602 మంది మన దేశపు విద్యార్థులున్నారు, ఆ ఏడాది చైనాను కూడా దాటేశాం. ఇంతమంది కాగితాలు సరిగ్గా చదవగలిగేవాడి అవసరం ఎంతుందో ఆలోచించు. అప్పు చేసి ఫీజు కట్టడానికి సిద్ధపడ్డ ఇంట్లో, ఒక ఐ-20 (వీసాకు కావలసిన, యూనివర్సిటీ ఇచ్చే పత్రం) పది రోజులు ఆలస్యమైతే వీసా స్లాట్ పోతుందన్న టెన్షన్ ఎలా ఉంటుందో నీకు నేను చెప్పాలా? ఆ ఫైలు కదిలించడం దేశాలు తిరగడం కంటే పెద్ద పనని నా గట్టి నమ్మకం.

ఒక సంగతి మాత్రం ముందే తెలుసుకో. ఐ-20 ఇచ్చి, సెవిస్ అనే ప్రభుత్వ డేటాబేస్‌లో విద్యార్థుల రికార్డులు చూసే అధికారిగా, అంటే డీఎస్‌ఓగా, ఉండాలంటే అమెరికా పౌరుడైనా కావాలి, గ్రీన్‌కార్డైనా ఉండాలి. మనలాంటివాళ్ళకు అడ్మిషన్స్, డిగ్రీల మూల్యాంకనం, స్టడీ అబ్రాడ్, ఇతర యూనివర్సిటీలతో ఒప్పందాల పనులు ఉన్నాయి. ప్రకటన చదివేటప్పుడు ఆ షరతు ఉందేమో మొదట చూడు. ఇంకోటి, ఈ రంగంలో మాస్టర్స్ చేస్తే చదువయ్యాక పనిచేయడానికి మామూలుగా దొరికేది 12 నెలల అనుమతే, దాన్నే ఓపీటీ అంటారు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) వాళ్ళకొచ్చే అదనపు 24 నెలలు లెక్కలో వేసుకోకు. యూనివర్సిటీలు ఉద్యోగ వీసా హెచ్-1బీకి తీసే లాటరీ కిందికి రావు, అదొక్కటి ఊరట. జీతం సాఫ్ట్‌వేర్ దరిదాపుల్లో కూడా ఉండదు, ఇంట్లో ముందే చెప్పెయ్.

నీ స్థానంలో నేనుంటే హైదరాబాద్‌లోనే మొదలుపెట్టేవాణ్ణి. ప్రతి యూనివర్సిటీలోనూ అంతర్జాతీయ వ్యవహారాల కార్యాలయం పెట్టమని మన యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీ 2021లో చెప్పింది. విదేశీ యూనివర్సిటీలతో కలిసి డిగ్రీలివ్వడానికి 2022లో నిబంధనలొచ్చాయి. గుజరాత్ గిఫ్ట్ సిటీలో డీకిన్, వొలాంగాంగ్ యూనివర్సిటీలు క్యాంపస్‌లే తెరిచాయి. గురుగ్రామ్‌కు సౌతాంప్టన్ వచ్చింది. వీటన్నిటికీ మనుషులు కావాలి. మన దేశంలో అయితే ఈ పని రెండో వైపు నుంచి, అంటే మన దగ్గరికొచ్చే విదేశీ విద్యార్థుల వైపు నుంచి, కనిపిస్తుంది. భారత ప్రభుత్వ ఐసీసీఆర్ స్కాలర్‌షిప్ మీద ఆఫ్రికా నుంచి వచ్చిన కుర్రాడు దిగిన 14 రోజుల్లో విదేశీయుల్ని నమోదు చేసే ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ ఆఫీసులో నమోదు కావాలి, హాస్టల్ తిండి పడాలి, బ్యాంకు ఖాతా తెరవాలి. మనవాళ్ళు ఇక్కడికొచ్చి పడే అవస్థే అక్కడ వాడిదీ. ఆ పిల్లాడి చెయ్యి పట్టుకుని నాలుగు ఆఫీసులు తిప్పినవాడికి ఈ ఉద్యోగం తెలిసినట్టేరా. ఆ తర్వాత మాస్టర్స్‌కి ఇక్కడికొస్తే, అసిస్టెంట్‌షిప్ ఇంటర్వ్యూలో చెప్పడానికి నీ దగ్గర అసలైన విషయం ఉంటుంది.

నీ రెజ్యూమే పంపు. కన్సల్టెన్సీలో "టార్గెట్లు సాధించాను" అనే లైను తీసెయ్. ఎన్ని రకాల బోర్డుల, యూనివర్సిటీల మెమోలు చూశావో, వీసా రిజెక్టయిన పిల్లలతో ఎలా మాట్లాడి మళ్ళీ నిలబెట్టావో రాయి. ఆదివారం మీకు పొద్దున్నే ఫోన్ చేస్తాను, లైను లైనూ కూర్చుని చూద్దాం. అత్తయ్యకు నమస్కారాలు చెప్పు.

నీ మామ