పోస్టింగ్‌లో మా విద్యార్థులకు పేషెంట్ దొరకాల్సింది పొద్దున 6 గంటలకు

రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖ మంత్రి గార్లకు నమస్కారం.

ఆక్యుపేషనల్ థెరపీ విద్యార్థులకు పుస్తకం వచ్చు, వార్డులో చెయ్యి రాదు అంటుంటారు. అది నిజమే. కానీ ఆ తప్పు వాళ్లకు ఆసుపత్రిలో పోస్టింగ్, అంటే శిక్షణ డ్యూటీ, వేసే తీరుది. స్నానం, బట్టలు, తిండి, దొడ్డికి వెళ్లడం: ఇవి పేషెంట్ తనంతట తాను చేసుకునేలా చేయడమే ఈ వృత్తి. వార్డులో ఇవన్నీ ఎనిమిదిలోపే ముగుస్తాయి. విద్యార్థి వచ్చేది 9 గంటలకు. అప్పటికే ఇంటివాళ్లు ఒళ్లు తుడిచి, చొక్కా తొడిగి, ఇడ్లీ తినిపించేసి ఉంటారు. ఇక మిగిలేది చేతి కసరత్తుకు వాడే పెగ్ బోర్డు, ప్లాస్టిక్ కోన్లు.

పక్షవాతంతో ఎడమ చెయ్యి పడిపోయిన మనిషికి చొక్కా తొడుక్కోవడం నేర్పాలనుకోండి. చొక్కా ఒళ్లో పరిచి, ముందు పడిపోయిన చేతిని మోచెయ్యి దాటేదాకా ఎక్కించి, భుజం మీదికి లాగి, ఆ తర్వాత మంచి చెయ్యి. విప్పేటప్పుడు మంచి చెయ్యి ముందు. ఈ వరస పరీక్షలో అందరూ రాస్తారు. మంచం అంచున ఆయన ఎడమకు ఒరిగిపోతుంటే, పక్కనుంచి భార్య "నేను వేస్తాలేమ్మా" అని చెయ్యి పెడుతుంటే, ఎంతవరకు పట్టుకోవాలి, ఎప్పుడు వదిలేయాలి? అది పక్కన నిలబడి చూపించే థెరపిస్ట్ ఉంటేనే వస్తుంది. చాలాచోట్ల పర్యవేక్షణ ఫిజియోథెరపిస్టులది. వాళ్ల పని వాళ్లు బాగా చేస్తారు, కానీ ఇది వాళ్ల పని కాదు.

స్ప్లింట్ల (చేతిని సరైన తీరులో నిలిపి ఉంచే ప్లాస్టిక్ తొడుగుల) సంగతీ అంతే. వాటిని చేసే ప్లాస్టిక్ షీటు సుమారు 70 డిగ్రీల నీళ్లలో మెత్తబడుతుంది, బయటికి తీశాక కొద్ది నిమిషాల్లోనే బిగుసుకుంటుంది. మణికట్టు స్ప్లింట్ అరచేతి అడ్డగీత దాటి ముందుకొస్తే వేళ్లు ముడవవు. మణికట్టు పక్క ఎముక దగ్గర ఉబ్బుగా వదలకపోతే అక్కడ ఎర్రగా కమిలిపోతుంది. ఇవి చెయ్యి కాలితేగానీ తెలియని తప్పులు. షీటు ఖరీదని విద్యార్థిని చూడమంటారు తప్ప కత్తెర చేతికివ్వరు.

ప్రపంచ ఆక్యుపేషనల్ థెరపిస్టుల సమాఖ్య ప్రతి విద్యార్థికీ కనీసం 1000 గంటల ఫీల్డ్ వర్క్ (పేషెంట్లతో చేసే శిక్షణ) అడుగుతుంది. గోడకానుకుని నిలబడినా గంటలు నిండుతాయి. అందుకే లాగ్‌బుక్‌లో గంటలతోపాటు పని రాయించండి: ఎవరికి ఏం నేర్పారు, పేషెంట్ ఎంత సొంతంగా చేశాడు, కింద థెరపిస్ట్ సంతకం. న్యూరో వార్డు పోస్టింగ్‌లో కనీసం రెండు వారాలు పొద్దున 6 నుంచి మధ్యాహ్నం 1 దాకా వేయండి, ఆ వేళకు హాస్టల్ నుంచి బండి ఏర్పాటు చేయండి. బోధనాసుపత్రుల్లో ఆక్యుపేషనల్ థెరపిస్ట్ పోస్టులు మంజూరు చేయండి. ఒక్కో విద్యార్థి కనీసం మూడు స్ప్లింట్లు తన చేత్తో చేసేటన్ని షీట్లు ఈసారి ఇండెంట్‌లోనే (ఆసుపత్రికి కావాల్సిన సామాన్ల జాబితాలోనే) చేర్చండి.

ఇట్లు,
ఆక్యుపేషనల్ థెరపీ బోధకులు, థెరపిస్టులు