బీపీ పడిపోతుందని ముందే చెప్పే యంత్రాల గురించి

సంపాదకులకు నమస్కారం.

ఐసీయూలో రోగి బీపీ పడిపోకముందే ఏఐ పసిగడుతుందన్న వార్తలు ఈమధ్య తరచూ వస్తున్నాయి. ఐసీయూ నర్సుగా ఆ సాయం నిజంగా రావాలనే కోరుకుంటాను. మేం మ్యాప్ అని పిలిచే సగటు రక్తపోటు 65 కంటే కిందికి దిగి అక్కడే ఉండిపోతే కిడ్నీలూ గుండే దెబ్బతినే ప్రమాదం ఉంది కాబట్టి పది నిమిషాల ముందు తెలిసినా మాకు గొప్పే. (పై అంకె 90, కింది అంకె 50 ఉంటే, కింది అంకెకు తేడాలో మూడో వంతు కలిపి లెక్కించే ఈ సగటు 63 మాత్రమే, చాలామంది పై అంకె ఒక్కటే చూస్తారు.)

కానీ ఆ వార్తల్లో అసలు ప్రశ్న కనపడదు. మామూలు మానిటర్ కంటే ఇది ఎంత మెరుగు? లో బీపీ రాబోతోందని అంచనా వేసే, బాగా పేరొచ్చిన హైపోటెన్షన్ ప్రిడిక్షన్ ఇండెక్స్‌నే తీసుకోండి. ధమనిలో పెట్టిన లైన్ (సన్నని గొట్టం) నుంచి వచ్చే అలల ఆకారం చూసి 0 నుంచి 100 వరకు ఒక అంకె ఇస్తుంది, 85 దాటితే అలారం. 2020లో అచ్చయిన ఒక చిన్న ట్రయల్‌లో దీన్ని వాడినప్పుడు ఆపరేషన్ సమయంలో లో బీపీ బాగా తగ్గింది. అయితే దాన్ని తయారుచేసేటప్పుడు మ్యాప్ 65కి, 75కి మధ్య ఉన్న రీడింగులను పక్కన పెట్టారని, అందుకే ఫలితం ఉన్నదానికంటే గొప్పగా కనిపించిందని తర్వాత పరిశోధకులు ఎత్తిచూపారు. మ్యాప్ 72, 73 దగ్గరికి రాగానే మోగేలా మామూలు అలారం పెట్టుకున్నా దాదాపు అంతే పని చేస్తుందని కూడా తేలింది. ఇది పాఠకులకు తెలియాలి కదా!

ఇంకో సంగతి. ఆపరేషన్ టేబుల్ మీద పనిచేసింది ఐసీయూలోనూ పనిచేస్తుందని అనుకోలేం. మా దగ్గర ఒకరికి ఇన్ఫెక్షన్‌తో రక్తనాళాలు వదులైపోయి బీపీ పడుతుంది, ఒకరికి లోపల రక్తం కారుతూ, మరొకరికి గుండె బలహీనపడి. వదులైన నాళాలకు వాటిని బిగించే నారడ్రినలిన్ మందు కావాలి, రక్తం పోయినవారికి రక్తం ఎక్కించాలి, అదే గుండె బలహీనంగా ఉన్నవారికి సెలైన్ ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. పడబోతోందని చెప్పి, ఎందుకో చెప్పకపోతే మా టెన్షన్ పెరగడమే తప్ప చేయి ఎటు కదలాలో తెలియదు. ఇప్పటికే షిఫ్ట్ పొడవునా ఏదో ఒక అలారం మోగుతూనే ఉంటుంది, అనవసరంగా మోగేవి పెరిగేకొద్దీ నిజమైనదాన్ని పట్టించుకోని ప్రమాదం కూడా పెరుగుతుంది.

ఇకమీద ఇలాంటి పరికరం గురించి రాసేటప్పుడు, దాన్ని దేనితో పోల్చారో, షిఫ్ట్‌కి ఎన్ని తప్పుడు అలారాలు ఇస్తుందో, దానివల్ల రోగుల కిడ్నీలూ ప్రాణాలూ దక్కాయా లేక మానిటర్ మీద అంకె మాత్రమే బాగుపడిందా అని దయచేసి అడిగి రాయండి.

ఇట్లు,
ఒక ఐసీయూ నర్సు